డెన్మార్క్ రాకుమారీ, మా తోటికోడలూ

బహ్రెయిన్‌లో ఏం ఉద్యోగం చేసేదానివని ఎవరైనా అడిగితే, రాకుమార్తెల పెళ్ళిళ్ళు టైపు చేసేదాన్నని చెబుతాను. నవ్వుతారు. నవ్వితే నవ్వారు గానీ అది నిజం. తొంభైల మధ్యలో, జుఫైర్‌లో ఉండే ఒక డెన్మార్క్ ఆవిడ తన పుస్తకానికి టైపిస్టు కావాలంటే వెళ్ళి చేరాను. ఆవిడ భర్త ఓడలు బాగుచేసే చోట ఇంజినీరు. ఆవిడ తన దేశంలో పిల్లలకు చరిత్ర చెప్పి, ఆ పని మానుకుని మొగుడి వెంట వచ్చింది. ఇక్కడి ఎండకు జడిసి గడప దాటేది కాదు. ఏసీ గదిలో కూర్చుని డెన్మార్క్, నార్వే, స్వీడన్ రాజులు కూతుళ్ళను ఏ దేశానికి ఎందుకిచ్చారో, ఆ పిల్లలు తర్వాత ఏమయ్యారో రాసుకుపోయేది. ఆ రాత కోడి గెలికినట్టుండేది. ఈసా టౌన్‌లో మా పిల్లల్ని బడికి పంపేసి వెళ్ళి, ఆ గెలుకుడంతా మిషను మీద కొట్టిపెట్టేదాన్ని.

రాకుమార్తెలంటే వజ్రాలూ గుర్రబ్బళ్ళూ ఉంటాయనుకున్నాను. ఏవీ? చదివేకొద్దీ కడుపు తరుక్కుపోయేది. నార్వే పిల్ల ఒకతె, ఏడేళ్ళది. ఇంగ్లండు రాజు కొడుక్కి ఇవ్వాలని ఓడెక్కిస్తే దారిలోనే జబ్బుచేసి పోయింది. ఇంకో నార్వే పిల్లను నెలల తరబడి నీళ్ళ మీదా నేల మీదా తిప్పి స్పెయిన్ తీసుకెళ్ళి, అక్కడి రాజు తమ్ముళ్ళలో ఒకడికి కట్టబెట్టారు. కొద్ది ఏళ్ళకే కన్ను మూసింది, ఒడిలో పిల్లయినా లేదు. డెన్మార్క్ అమ్మాయి ఒకతెను రష్యా యువరాజుకు అనుకుంటే, పెళ్ళి కాకుండానే అతను పోయాడు. పోతే ఏమైంది, తమ్ముడున్నాడుగా అని తమ్ముడికిచ్చి చేశారు. “ఇదేమిటండీ, రాజుల ఇళ్ళల్లోనూ ఇదేనా?” అన్నాను. “రాజుల ఇళ్ళల్లోనే ఇది ఎక్కువ” అంది మేడమ్, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

ఆవిడ పుస్తకంలో నాకు బాగా వింతగా తోచింది పెళ్ళికొడుకు లేని పెళ్ళి. స్కాట్లాండు రాజుకు డెన్మార్క్ పిల్లనిచ్చినప్పుడు రాజు రాలేదు. ఆయన బదులు ఒక పెద్దమనిషి వచ్చి, ప్రమాణాలు చేసి, పెళ్ళికూతురి మంచం మీద పక్కన కూర్చుని లేచి వెళ్ళాడట. దానితో పెళ్ళయిపోయినట్టే. పిల్లను తీసుకెళ్ళే ఓడ తుఫానులో చిక్కుకుంటే, ఆ తుఫాను మంత్రగత్తెలు పుట్టించారని చెప్పి ఆడవాళ్ళను కాల్చి చంపారు. పెళ్ళి ఒకళ్ళది, చావు ఇంకొకళ్ళది.

“మాలోనూ ఉందండీ ఇలాంటిది. పెళ్ళికొడుకు రాలేకపోతే కత్తిని పంపేవారట, కత్తిని పీట మీద పెట్టి పెళ్ళి చేసేసేవారట” అన్నాను. మా మామగారి చిన్నాన్నకు అలాగే అయిందని ఆయన చెబుతుండగా విన్నాను. మేడమ్ కలం పట్టుకుని “చెప్పు, చెప్పు” అంటూ దగ్గరికి జరిగింది. “మీ కత్తి మా పెద్దమనిషి కన్నా నయం, కనీసం మంచమెక్కలేదు” అంది. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ వేసవికి మా మరిది పెళ్ళి. మావారి తమ్ముడు కూడా మాతోనే ఈసా టౌన్‌లో ఉండేవాడు. కర్జకాన్ వైపు ఇళ్ళు కట్టే సైటులో సూపర్‌వైజరు. మంచివాడే. నోరు తెరిచి కూర బాగుందని కూడా అనేవాడు కాదు, అంత మెత్తన. పశ్చిమ గోదావరిలో పిల్లను చూసి, ఫోటో పంపి, ఇద్దరూ సరేననుకున్నాక ముహూర్తం పెట్టారు. తీరా టికెట్టు తీసుకునే వేళకు కఫీల్, అంటే వీసా ఇచ్చి పనికి పిలిపించుకున్న అరబ్బు యజమాని, అడ్డం తిరిగాడు. పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. సైటు పూర్తయ్యేదాకా సెలవు లేదు, ఖలాస్, అంతే అన్నాడు. ముహూర్తం దాటితే మూఢం, ఆ తర్వాత శూన్యమాసం. పిల్ల తరఫువాళ్ళు ఆగలేమన్నారు.

మా మామగారు మీసం దువ్వుకున్నారు. జమీ ఎప్పుడో పోయింది, ఇంట్లో కత్తి మాత్రం మిగిలింది. “మా వంశాచారం ఉందిగా” అన్నారు. పురోహితుడు కూడా “శాస్త్రోక్తమేనండి, దివ్యంగా చేయొచ్చు” అని తలూపాడు. పిల్లలకు సెలవులని నేను ముందే ఊరెళ్ళాను గనక ఆ పెళ్ళి కళ్ళారా చూశాను. తుప్పు పట్టిన కత్తిని చింతపండుతో తోమారు. పిడికి బాసికం కట్టారు. పట్టుపంచె చుట్టి పీట మీద నిలబెట్టారు. పిల్ల జీలకర్ర బెల్లం దాని పిడి మీదే పెట్టింది. మంగళసూత్రాన్ని కత్తికి తాకించి, మా పెద్దాడపడుచు మూడు ముళ్ళూ వేసింది. ముత్తయిదువలు ఊరుకుంటారా? “ఎంత పదునైన మొగుణ్ణి పట్టావే! ఎదురు మాట్లాడడు, ఖర్చుండదు” అని ఒకటే వేళాకోళం. తల వంచుకున్న పిల్ల కూడా కిసుక్కుమంది. ఇరవయ్యేళ్ళుంటాయి. చామనఛాయ, గట్టి చుబుకం, చూపులో బెదురు లేదు. నాకు నచ్చింది.

తర్వాత వీసా వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఆ పిల్లను నా వెంట పంపారు. బొంబాయిలో విమానం మారేటప్పుడు నా కొంగు వదల్లేదు. తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. “అక్కయ్యా, ఆయనకి ఉలవచారు ఇష్టమా?” అని అడిగింది. ఇష్టమేనన్నాను. ఇష్టమో కాదో నాకు తెలీదు, వాడెప్పుడైనా చెబితే కదా!

మేం దిగింది గురువారం సాయంత్రం. మరిది పూలదండతో వచ్చాడు, కారులో ముందు సీట్లో కూర్చున్నాడు. ఆ రాత్రి పిల్ల నాతో పడుకుంది. శుక్రవారం అందరికీ సెలవు గనక పొద్దున్నే సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. పక్క ఫ్లాట్లవాళ్ళు వచ్చారు. ఇద్దర్నీ పీటల మీద కూర్చోబెట్టి కొంగుముడి వేశాను. అదే వాళ్ళిద్దరూ మొదటిసారి పక్కపక్కన కూర్చోవడం. కథ సగంలో ఉండగా చూద్దును కదా, మరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. చెమటలు కారిపోతున్నాయి. అక్షింతలు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. పిల్ల వైపు ఒక్కసారి చూసి, కళ్ళు తిప్పుకున్నాడు. హారతి కాకుండానే కొంగుముడి లాగేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి “వదినా, ఆవిణ్ణి పంపించేయండి” అన్నాడు.

“ఎక్కడికిరా?”

“ఊరికి. నా వల్ల కాదు.”

“ఏం, పిల్లకేమైంది? కన్ను లేదా, కాలు లేదా? ఫోటో చూసి సరేనన్నది నువ్వు కాదా?”

“నన్నడక్కండి వదినా” అని బట్టలు సర్దుకుని స్నేహితుల గదికి పోయాడు. ఎన్నిసార్లు నిలదీసినా అదే మాట. ఇంకో ఆడమనిషి ఉందేమోనని వాకబు చేయించాను. లేదు. జబ్బేమోనని మావారు మెల్లగా అడిగారు. కాదన్నాడు. అసలు సంగతి ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ వారం జుఫైర్ వెళ్ళేసరికి మేడమ్ కొత్త అధ్యాయం ఇచ్చింది. డెన్మార్క్ రాకుమారి, పద్దెనిమిదేళ్ళది, ఫ్రాన్సు రాజుకిచ్చారు. పెళ్ళయింది. మర్నాడు పట్టాభిషేకం జరుగుతుండగా రాజు పాలిపోయి, వణికిపోయి, ఆ పిల్ల మొహం చూడలేకపోయాడట. కార్యక్రమం అవగానే, ఈ పిల్లను తిరిగి తీసుకుపొండని పుట్టింటివాళ్ళకు చెప్పించాడట. నా వేళ్ళు ఆగిపోయాయి. ఏడుపు ముంచుకొచ్చింది. మేడమ్ కంగారుపడి నీళ్ళు తెచ్చింది. అంతా చెప్పాను.

“ఎందుకు వద్దన్నాడండీ ఆ రాజు?” అన్నాను.

“ఎనిమిది వందల ఏళ్ళుగా అడుగుతున్నారు. ఎవరికీ తెలీదు.”

మిగతాది కూడా ఆవిడే చెప్పింది. రాజు బిషప్పులను పిలిపించి, పోయిన మొదటి భార్య వైపు నుంచి ఈ అమ్మాయి నాకు దగ్గరి చుట్టమవుతుంది గనక పెళ్ళి చెల్లదని వంశవృక్షం గీయించాడు. దొంగ వంశవృక్షం. నాకు ఏడుపులోనూ నవ్వొచ్చింది. మా ఇళ్ళల్లో చుట్టరికం ఉంటేనే పెళ్ళి, మేనత్త కొడుకుండగా బయటికెందుకంటారు. వీళ్ళు అదే సాకుతో పెళ్ళాన్ని వదిలించుకున్నారు. ఆ పిల్లకు ఫ్రెంచి రాదు. తన మీద ఏం తీర్పు చెప్పారో ఎవరో విప్పి చెబితే గానీ తెలియలేదు. తెలిసిన క్షణంలో, రోమ్‌లో పోప్ దగ్గరికే పోతానని ఎలుగెత్తి చెప్పింది. పుట్టింటికి మాత్రం వెళ్ళనంది. నేను రాణిని, ఇక్కడే ఉంటానంది. రాజు కోటల్లో పెట్టి తాళం వేయించాడు, ఇంకొకతెను చేసుకున్నాడు. ఇరవయ్యేళ్ళు అలాగే గడిచాయి.

“ఇరవయ్యేళ్ళా? మా పిల్ల వీసా అంతకాలం ఉండదండీ” అన్నాను.

ఇంట్లో మా తోటికోడలు ఏడవలేదు. నేనే ఏడ్చాను, ఆ పిల్ల నాకు ధైర్యం చెప్పింది. తెల్లారి లేచి అంట్లు తోమేది, మా పిల్లలకు జడలు వేసేది, ఆయన వస్తారని రోజూ ఉలవచారు ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టేది. ఎవరూ తినక నేనే పారబోసేదాన్ని. ఒకరోజు బెండకాయలు తరుగుతూ డెన్మార్క్ పిల్ల కథ చెప్పాను. కత్తిపీట మీద చెయ్యి ఆపి వింది.

“ఎందుకొద్దన్నాడో ఆవిడ అడగలేదా అక్కయ్యా?”

“అడగడానికి భాష రాదు కదే.”

“నాకు వచ్చుగా” అంది. మళ్ళీ బెండకాయ అందుకుంది.

ఆ శుక్రవారం మావారు బతిమాలి తమ్ముణ్ణి భోజనానికి తీసుకొచ్చారు. వడ్డన అయ్యాక పిల్ల వచ్చి ఎదురుగా నిలబడింది. “ఏమండీ, నేనేం తప్పు చేశాను? చెబితే దిద్దుకుంటాను. లేకపోతే ఫలానా కారణమని చెప్పండి, నేనే పోతాను. ఏమీ చెప్పకుండా పొమ్మంటే ఎలాగండీ?” అంది. గొంతు పెంచలేదు. వాడు కంచంలో వేళ్ళు పెట్టి కెలుకుతూ కూర్చున్నాడు. మావారు “చెప్పరా” అన్నారు. నేను “నోట్లో బెల్లం గడ్డుందా, చెప్పవేం?” అని గదమాయించాను. వాడు “మీరు మంచివారండి” అన్నాడు. ఆ పిల్లతో వాడన్న మొదటి మాట అదే. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. భాష వచ్చినా ఒరిగిందేమీ లేదు.

ఇక ఊరి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ముందు మా మామగారు వాణ్ణి తిట్టారు, బెదిరించారు. నెలలు గడిచేసరికి ఆయన గొంతు మారింది. పురోహితుణ్ణి మళ్ళీ అడిగారట. వరుడు స్వయంగా మంగళసూత్రం కట్టలేదు, కత్తి నిమిత్తమాత్రం, వరుడు కలిసినప్పుడు మళ్ళీ కట్టాలి, అది జరగలేదు, కాబట్టి ఇది నిశ్చితార్థం కిందికే వస్తుందన్నాడట.

“శాస్త్రోక్తమేనన్న నోరూ ఆయనదేనా మామయ్యగారూ?” అన్నాను. ఆయనతో అంత మాట నేనెన్నడూ అనలేదు.

“అమ్మాయ్, ఆడపిల్ల బతుకు గురించే చెబుతున్నాను. పెళ్ళే కాలేదంటే ఆ పిల్లకే మంచిది, ఇంకో సంబంధం చేసుకుంటారు” అన్నారు.

ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అదే నన్ను కాల్చేసింది. ఆ రాజు కూడా ఇదే అని ఉంటాడు, పెళ్ళే కాలేదు గనక పిల్లకు మచ్చేమీ లేదని. ఫోను తర్వాత మావారు “నాన్నగారు చెప్పింది సబబుగానే ఉందేమో” అని నసిగారు. “సబబే! కత్తి వంశాచారం, కత్తిని కాదనడం కూడా వంశాచారమే. మీ వంశానికి ఎటు నుంచి చూసినా ఆచారమే!” అని ఎగిరాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

పిల్ల తండ్రి కూడా ఫోన్ చేశాడు. “వచ్చెయ్ తల్లీ, నేను చూసుకుంటాను. మళ్ళీ మంచి సంబంధం తెస్తాను” అంటున్నాడు. పక్కన నిలబడ్డ నాక్కూడా వినిపిస్తోంది. పిల్ల “నాకు పెళ్ళయింది నాన్నా” అంది. అంతే అంది.

చివరికి మరిది ఆ పిల్ల వీసా రద్దు చేయించాడు. భర్త పేరు మీద వచ్చిన ఆడది, భర్త వద్దంటే ఆ దేశంలో ఉండడానికి లేదు. పోప్ దగ్గరికి పోవడానికి మాకు పోపూ లేడు. టికెట్టు తీశారు. ప్రయాణానికి ముందు మా అత్తగారు ఫోనులో నాతో ఒక మాట అంది. “అమ్మాయ్, ఆ పుస్తెలు తీయించి పంపు. కట్టింది ఆడదే కదా, ఆడది తీస్తే దోషం లేదట. నువ్వే తీసెయ్. మెళ్ళో ఉంటే ఆ పిల్లకి మళ్ళీ పెళ్ళెలా అవుతుంది?”

“నా చేతులు విరిగిపోనూ, నేను తీయనండీ” అన్నాను.

కానీ పిల్లకు చెప్పకుండా ఉండలేకపోయాను, చెప్పేశాను. వింటూ సూత్రాన్ని రెండు వేళ్ళతో పట్టుకుంది. “నువ్వు తీయకు అక్కయ్యా” అంది. తీయననే చెప్పాను.

వెళ్ళేరోజు మరిదిని విమానాశ్రయానికి రమ్మన్నాను. రానన్నాడు. “తెచ్చింది నేను, పంపేది నువ్వు. రాకపోతే నీ సైటుకొచ్చి కూలీల ముందు కూర్చుంటాను” అన్నాను. నేనన్నంత పనీ చేస్తానని తెలుసు, వచ్చాడు. బొంబాయిదాకా తోడుండి ఊరి రైలెక్కించమని ఒక తెలుగు నర్సుకు పిల్లను అప్పగించాం. లోపలికి వెళ్ళే ద్వారం దగ్గర మావారు గడియారం చూసుకుంటున్నారు. పిల్ల నా కాళ్ళకు, బావగారి కాళ్ళకు దణ్ణం పెట్టింది. తర్వాత మరిది దగ్గరికి వెళ్ళి నిలబడింది. చీర కొంగు తొలగించి, మెళ్ళో పసుపుతాడు పైకి తీసి పట్టుకుంది.

“ఇది మీరు కట్టలేదు. అందుకని పెళ్ళి కాదంటున్నారు. సరేనండి. తీసేదన్నా మీరు తీయండి. మీ చేత్తో తీసేస్తే నేను మా నాన్న దగ్గరికి వెళ్ళి, ఆయన చెప్పినట్టు నడుచుకుంటాను” అంది.

జనం సామాన్లు తోసుకుంటూ మమ్మల్ని చుట్టి వెళ్తున్నారు. మరిది అన్న వైపు చూశాడు. అన్న నేల చూపులు చూస్తున్నారు. వాడి చెయ్యి లేచింది. తాడు దాకా వచ్చింది. ముట్టుకోలేదు. అలాగే గాలిలో ఉండిపోయి, కిందికి దిగిపోయింది. “నా వల్ల కాదండి” అన్నాడు, వ్రతం నాడు నాతో అన్నట్టే.

పిల్ల కాసేపు ఆగింది. నిజంగా ఇంకా తీస్తాడేమోనని ఆగినట్టే ఉంది. తర్వాత తాడు లోపలికి వేసుకుని, కొంగు సర్దుకుని, సంచీ భుజానికి తగిలించుకుని నర్సు వెనక లోపలికి వెళ్ళింది. వెనక్కి తిరగలేదు. నేను ద్వారం దగ్గరే కూలబడి బావురుమన్నాను. మరిది వంగి లేపబోతే చెయ్యి విదిలించుకున్నాను.

జుఫైర్‌లో మేడమ్ నెలలుగా రాస్తున్న ఆ అధ్యాయం అప్పటికి ముగించింది. ఇరవయ్యేళ్ళ తర్వాత రాజు ఆ పిల్లను మళ్ళీ రాణిగా ఒప్పుకున్నాడట. ప్రేమతో కాదు, ఏదో యుద్ధానికి డెన్మార్క్ అవసరం పడి. భార్యగా మాత్రం ఎన్నడూ దగ్గరికి తీయలేదట. “గెలిచినట్టా, ఓడినట్టా?” అని అడిగాను. మేడమ్ భుజాలెగరేసి “ఆవిడ ముసలితనంలో తన ఇంట్లో తను ఉంది. రాణి అనే పిలిచారు” అంది. టైపు చేశాను గానీ నాకు కోపం తగ్గలేదు. ఒక ముక్క గౌరవం కోసం మనిషి ఇన్నేళ్ళు కాసుకు కూర్చోవాలా?

ఆ వారంలోనే ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మా అత్తగారు. మాట తడబడుతోంది, భయపడ్డట్టుంది.

“అమ్మాయ్, ఆ పిల్ల పుట్టింటికి పోలేదే. తండ్రి స్టేషనుకొస్తే ఆయనకి దణ్ణం పెట్టి, పెట్టె పట్టుకుని తిన్నగా మనింటికొచ్చేసింది. మీ మామయ్యగారు పొమ్మన్నారు. పోవట్లేదు. పొద్దున్నించీ వసారాలో కూర్చుంది. వీధిలో వాళ్ళంతా చూస్తున్నారు. ఎవరితోనూ ఏమీ అనట్లేదు, ఏడవట్లేదు. నాకేం పాలుపోవట్లేదు. ఏం చెయ్యమంటావ్?”

మావారు పక్కనే నిలబడి ఏమిటేమిటంటున్నారు. ఆయన్ని చేత్తో ఆగమని అడిగాను.

“పొద్దున్నించీ ఏమైనా తిందా అత్తయ్యా?”

“ఎక్కడిదీ! ఎవరు పెట్టారు?”

“ఆవిడ మీ కోడలండీ. లోపలికి పిలిచి అన్నం పెట్టండి” అన్నాను.